ఆరుగురూ బాగా పనిచేస్తే అట్టడుగున ఎవరిని వేయాలి?

ఆరుగురి లీడు:
హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టీమ్ లీడుగా పనిచేస్తున్నాను. నా కింద ఆరుగురు. అప్రైజల్ రేటింగులు శుక్రవారం లోపు పంపాలి. బెల్ కర్వ్ (కొద్దిమంది పైన, ఎక్కువమంది మధ్యలో, కొద్దిమంది కింద ఉండాలనే గంట ఆకారపు లెక్క) కుదరాలి కాబట్టి ఆరుగురిలో ఒకరు అట్టడుగున ఉండి తీరాలని మేనేజరు నిన్న తేల్చి చెప్పారు. మా దగ్గర అట్టడుగు రేటింగు అంటే ఆ ఏడాది ఇంక్రిమెంటు లేనట్టే. వరుసగా రెండుసార్లు వస్తే ఉద్యోగానికే ఎసరు.

టికెట్ల (ఒక్కొక్కరికీ అప్పగించి నమోదు చేసే పనుల) లెక్క ప్రకారం ఆ ఒక్కరు ఎవరో సులువుగా తేలిపోతుంది. ఒకతను మిగతావాళ్లు మూసిన వాటిలో సగం కూడా మూయలేదు. కానీ అర్ధరాత్రి డేటాబేస్ ఆగిపోతే మిగతా ఐదుగురూ ఫోను చేసేది అతనికే. కొత్తగా చేరిన ఇద్దరికీ పని నేర్పింది అతనే. ఆ గంటలు ఏ లెక్కలోకీ రావు. ఏం చేయమంటారు? అసలు ఈ పద్ధతిలో జట్టు అనేది నిలుస్తుందా?

నిక్కచ్చి:
బెల్ కర్వ్‌ను తిట్టడం తేలిక. అది లేని చోట నేను పనిచేశాను, అక్కడ మొహమాటం రాజ్యమేలింది. పన్నెండుగురిలో పన్నెండుగురూ 'అంచనాలకు మించి' పనిచేసినట్టు మా లీడు రాసి పంపాడు. జీతాలు పెంచడానికి వచ్చిన డబ్బు మాత్రం ఒకటే మూట. అందరికీ సమంగా పంచితే ఎవరికీ చాలలేదు. ఆ ఏడాది ముందుగా రాజీనామా చేసినవాళ్లు, ఊహించగలరు, బాగా పనిచేసే ఇద్దరే. పని ఎగ్గొట్టేవాడు ఇప్పటికీ అక్కడే హాయిగా ఉన్నాడు.

లీడు అన్నాక ఎదుటి మనిషికి చేదు మాట చెప్పగలగాలి. అది చేతకాక కర్వ్ మీద నెపం వేస్తున్నారేమో ఒకసారి ఆలోచించండి.

అరమనిషి:
నిక్కచ్చి గారూ, మీ పన్నెండుగురి కథ నిజమే అయి ఉంటుంది. కానీ అది లీడు పిరికితనం. దానికి మందు ఈ కోటాయేనా?

ఈ పద్ధతికి పేరు తెచ్చింది జనరల్ ఎలక్ట్రిక్. 1981 నుంచి 2001 దాకా ఆ సంస్థను నడిపిన జాక్ వెల్చ్, మనుషులను 20, 70, 10 శాతాలుగా విడదీసి కింది పది శాతాన్ని సాగనంపమన్నాడు. లక్షల మంది పనిచేసిన సంస్థ అది. ఆరుగురిలో పది శాతం అంటే సగం మనిషి కంటే కాస్త ఎక్కువ. ఆ ముక్కను ఎవరిలోనుంచి కోస్తారు? గంట ఆకారం రావాలంటే గుంపు పెద్దదిగా ఉండాలి, పైగా ఏరకుండా తీసుకున్నదై ఉండాలి. మనమేమో మూడు రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టి, వడగట్టి తెచ్చుకుంటాం. బియ్యంలో రాళ్లు ఏరేశాక కూడా పిడికెడు రాళ్లు చూపించమంటే ఎక్కడినుంచి తెస్తాం?

మైక్రోసాఫ్ట్ అంతటిదే దీన్ని వదిలించుకుంది, మన హైదరాబాదువాడు సత్య నాదెళ్ల పగ్గాలు పట్టాక.

పాత ఫైలు:
చిన్న దిద్దుబాటు. మైక్రోసాఫ్ట్ ఆ ర్యాంకుల పద్ధతిని ఎత్తేసింది 2013 నవంబరులో. నాదెళ్ల బాధ్యతలు తీసుకున్నది 2014 ఫిబ్రవరి 4న. మనవాడన్న అభిమానం మంచిదే కానీ ఆ పద్దు ఆయనకు ముందు అధిపతిగా ఉన్న స్టీవ్ బామర్ ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత అక్కడ పనిని మూడు వైపులనుంచి చూడసాగారు: సొంతంగా ఏం సాధించావు, ఇతరులు నెగ్గడానికి ఎంత తోడ్పడ్డావు, ఇతరులు చేసిన పనిని ఎంత బాగా వాడుకున్నావు. లీడు గారు చెప్పిన అతను రెండో ప్రశ్నలో గట్టెక్కేవాడు.

నేను ప్రభుత్వ శాఖలో చేసి రిటైరైన మనిషిని. మాకు కర్వ్ లేదు, రహస్య నివేదిక ఉండేది. తప్పు పడితేనే కబురు వచ్చేది. 'బాగుంది' అని రాస్తే సంతోషమే అనుకునేవాళ్లం. పదోన్నతికి 'చాలా బాగుంది' కావాలన్న సంగతి జాబితాలో పేరు లేనప్పుడు తెలిసేది. సరిగ్గా అలాంటి గొడవ మీదే 2008లో దేవ్ దత్ కేసులో సుప్రీంకోర్టు, ఏం రాసినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని చెప్పింది. కాబట్టి బాబూ, నేను అడిగేది ఒకటే. అతన్ని అట్టడుగున వేస్తే, ఎందుకు వేశావో ఎదురుగా కూర్చుని చెప్పగలవా?

నిక్కచ్చి:
పెద్దవారి ప్రశ్న బాగుంది. అయితే మైక్రోసాఫ్ట్ తీసేసింది కోటాను, డబ్బులో తేడాను కాదు. ఎవరికెంత అన్నది బడ్జెట్టుకు లోబడి మేనేజరే తేల్చాలి. అంటే కష్టమైన పని ఎక్కడికీ పోలేదు.

మూడో అంతస్తు:
రెండేళ్ల కిందట మా టీములో ఆ అట్టడుగు మనిషిని నేనే. పాత ఫైలు గారి ప్రశ్నకు నా లీడు చెప్పిన జవాబు ఇది: "నీ పనిలో లోపమేమీ లేదమ్మా, కానీ ఎవరో ఒకరు ఉండాలి కదా." తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. తప్పు చూపిస్తే దిద్దుకుంటాను, 'ఎవరో ఒకరు'ను ఎలా దిద్దుకోవాలి?

ఉద్యోగం మానలేదు, ఇంటి లోను ఉంది. మానింది ఒకటే. అంతకుముందు పక్క సీటువాళ్లు ఏదైనా అడిగితే కుర్చీ జరుపుకొని వెళ్లి కూర్చునేదాన్ని. ఇప్పుడు "డాక్యుమెంట్‌లో ఉంది చూడండి" అంటాను. పక్కవాళ్లు పైకి వెళ్తే నేను కిందికి దిగాల్సిన చోట ఎవరికి నేర్పుతాను? తర్వాతి ఏడాది నా రేటింగు పెరిగింది, నవ్వొచ్చింది. నిక్కచ్చి గారూ, ఎగ్గొట్టేవాళ్లను పట్టుకోవడానికి వేసిన వలలో చిక్కింది నాలాంటివాళ్లు.

నిక్కచ్చి:
ఒప్పుకుంటున్నాను, అది దారుణం. లోపం లేదని చెబుతూ కింద వేయడాన్ని నేను సమర్థించను. కానీ ఆ లీడు పై మీటింగులో మీ కోసం ఒక్క మాటైనా మాట్లాడాడా? అడగాల్సింది అది.

ఆరుగురి లీడు:
నిన్న నార్మలైజేషన్ మీటింగు (అన్ని టీముల రేటింగులను కర్వ్‌కు సరిపెట్టే మీటింగు) అయింది. అర్ధరాత్రి ఫోన్ల చిట్టా, కొత్తవాళ్లు తమంతట తాము మూసిన టికెట్ల లెక్క రాసుకొని వెళ్లాను. ఆరుగురిలో ఎవరినీ కింద వేయనని, ముందు ఈ కాగితం చూడమని చెప్పాను. మా మేనేజరు మొహం చిట్లించారు. ఇరవై నిమిషాలు నడిచింది.

చివరికి మా వాళ్లందరూ బయటపడ్డారు. నా వాదన గెలిచిందని చెప్పుకోవాలని ఉంది కానీ అది నిజం కాదు. పక్క టీములో ఒకామె నోటీసు పీరియడ్‌లో ఉన్నారు. ఎలాగూ వెళ్లిపోతున్నారు కదా అని మా కోటా కూడా ఆమెతోనే సరిపెట్టారు. నాకు ఊపిరి తిరిగింది.

మూడో అంతస్తు:
ఆమె పని ఎలా ఉండేది?

ఆరుగురి లీడు:
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.