మిల్లు సాఫ్ట్‌వేర్ కోడ్‌లో పేర్లు ఇంగ్లిష్‌లో పెట్టాలా, తెలుగులోనా?

మిర్యాలగూడ_పైథాన్:
అన్నలకు నమస్తే. ఇక్కడ ఒక రైస్ మిల్లుకు ధాన్యం కొనుగోలు లెక్కల ప్రోగ్రామ్ పైథాన్‌లో రాస్తున్నాం, నేనూ నా ఫ్రెండూ ఇద్దరమే. కాంటా, తరుగు, హమాలీ, తేమ ఇవన్నీ మిల్లులో పొద్దున లేస్తే వినపడే మాటలు. వాడు మాత్రం అన్నిటికీ ఇంగ్లిష్ పేర్లే పెడుతున్నాడు. తరుగుకు డిడక్షన్ వన్, హమాలీకి డిడక్షన్ టూ అని పెట్టాడు, రైతు బిల్లులో ఏది దేంట్లోంచి పోతుందో వారం తర్వాత చూస్తే ఇద్దరికీ అర్థం కావట్లేదు. తెలుగు లిపిలోనే పెట్టేస్తే నడుస్తుందా? రేపు హైదరాబాద్‌లో ఇంటర్వ్యూలో ఈ కోడ్ చూపిస్తే ఏమనుకుంటారో అని టెన్షన్ కూడా ఉంది.

నల్లగొండ_బ్యాకెండ్:
నడుస్తుంది తమ్ముడూ. 2008లో పైథాన్ 3 వచ్చినప్పటి నుంచి తెలుగు అక్షరాలతో వేరియబుల్ (కోడ్‌లో విలువ దాచుకునే పేరు) పెట్టుకోవచ్చు. కానీ ఇఫ్, ఫర్, రిటర్న్ లాంటి పైథాన్ సొంత మాటలు ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి లైన్ లైన్‌కీ కీబోర్డు మార్చాలి, చేతులు నొస్తాయి. ఇంకో చిక్కు ఉంది. 'నెట్‌బరువు' అని రాసినప్పుడు ట, బ కలిసిపోకుండా మధ్యలో కనపడని గుర్తొకటి పడుతుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పేర్లలో దాన్ని పైథాన్ ఒప్పుకోదు, సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది, కంటికేమో లైన్ అంతా సరిగ్గానే ఉంటుంది. అందుకే నేనైతే తరుగు, హమాలీ లాంటి మాటలు అట్లనే ఉంచి ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తాను. డేట్, టోటల్ లాంటివి మామూలుగా ఇంగ్లిషే. స్పెల్లింగ్ మాత్రం ఇద్దరూ ముందే ఒకటి అనుకొని ఒక ఫైల్‌లో రాసిపెట్టుకోండి, లేకపోతే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి.

పాలమూరు_డెవ్:
పేర్ల సంగతి అన్న చెప్పిందే కరెక్టు. కామెంట్లు, అంటే కోడ్ మధ్యలో చదివేవాళ్ల కోసం రాసే వివరణలు మాత్రం నిక్కచ్చిగా తెలుగులో రాయండి. కోడ్ ఎట్లా రాయాలో చెప్పే పైథాన్ వాళ్ల పత్రం పెప్ 8లో కామెంట్లు ఇంగ్లిష్‌లోనే రాయమని ఉంది, అయితే మీ భాష రానివాళ్లు ఆ కోడ్ ఎప్పటికీ చదవరని 120 శాతం నమ్మకం ఉంటే తప్ప అని కూడా అక్కడే ఉంది. మిల్లు కోడ్ బాగుచేసేది మీరో మీ ఊరోళ్లో కదా. రైతు పొలం వివరాలు కూడా ఎక్కిస్తున్నారా? మన దగ్గర 2.10 అంటే రెండెకరాల పది గుంటలు. 2.10, 2.35 కలిపితే కంప్యూటర్ 4.45 అంటుంది, నిజానికి ఎకరానికి 40 గుంటలు కాబట్టి 5 ఎకరాల 5 గుంటలు, అంటే 5.05 రావాలి. ఎకరాలు, గుంటలు రెండు వేర్వేరు పూర్ణసంఖ్యలుగా దాచి, ఎందుకట్లా చేశారో పైన తెలుగులో రెండు లైన్లు రాయండి. కొత్తగా వచ్చిన పిల్లలు అది చదవకుండా దశాంశం అనుకుంటే రైతుకే నష్టం.

దేవరకొండ_క్యూఏ:
ఇంటర్వ్యూకు భయపడకు తమ్మీ, కోడ్‌తో పాటు పెట్టే పరిచయం ఫైల్, రీడ్‌మీ ఒక్కటి ఇంగ్లిష్‌లో రాసి తరుగు, హమాలీ అంటే ఏంటో అందులో చెప్పు, చాలు. నీ అసలు ఇబ్బంది భాషది ఒక్కటే కాదు. తరుగు బరువులో పోతుంది, హమాలీ డబ్బుల్లో పోతుంది. అందుకే పేరు చివర కొలత కూడా పెట్టు: తరుగు_కిలోలు, హమాలీ_రూపాయలు. అప్పుడు కిలోల్లోంచి రూపాయలు తీసేసే లైన్ ఎవరు రాసినా చూడగానే దొరికిపోతుంది.