రెండున్నర వేలలో ఒకే కత్తి: మోరా కొనాలా, కమ్మరి దగ్గర కొట్టించాలా?

కొత్త_ట్రెక్కర్

అందరికీ నమస్కారం. ఉండేది ఉప్పల్‌లో. నెలకోసారి నలుగురు ఫ్రెండ్స్‌మి టెంట్లు వేసుకుని బయట పడుకుంటాం. ఎక్కువగా చింతపల్లి దగ్గర మా మామయ్య వాళ్ళ కాఫీ తోటలో, అప్పుడప్పుడు వికారాబాద్ వైపు ఒక ఫ్రెండ్ పొలంలో. ఇన్నాళ్ళూ వంటింటి కత్తితో నెట్టుకొచ్చాను. పోయినేడాది ఆన్‌లైన్‌లో ఏడొందలు పెట్టి ఒక 'సర్వైవల్ కత్తి' కొన్నాను. వెనకవైపు రంపం పళ్ళు, పిడి చివర దిక్సూచి, పిడి లోపల అగ్గిపుల్లలు, ఒక గాలం. రెండో ట్రిప్పులోనే ఎండు సిల్వర్ ఓక్ కొమ్మ చీల్చబోతే పిడి నా చేతిలో మిగిలింది, కత్తి వెళ్ళి పొయ్యి పక్కన పడింది. దిక్సూచి మాత్రం ఇంకా ఉంది, ఉత్తరం తప్ప అన్నీ చూపిస్తుంది.

ఈసారి బడ్జెట్ రెండున్నర వేలు. కత్తి ఒక్కటే. కూరగాయలు, తాడు, పుల్లలు చెక్కడం, చిన్న కట్టెలు చీల్చడం అన్నీ దానితోనే అవ్వాలి. మోరా అనే స్వీడన్ కత్తి కొనమని ఒక ఫ్రెండ్, మచ్చుకత్తి కొట్టించుకోమని ఇంకొకడు. మీరేమంటారు?

సానరాయి

తమ్ముడూ, విరిగింది నీ తప్పు కాదు. పిడి లోపల అగ్గిపుల్లలు పట్టేంత ఖాళీ ఉందంటే అక్కడ ఉండాల్సిన ఇనుము లేదన్నమాటే. అలాంటి వాటిలో కత్తి మొదలు పిడి మూతికి ఒక నట్టుతోనో చిన్న బోల్టుతోనో బిగించి ఉంటుంది. దెబ్బంతా దాని మీదే పడుతుంది.

నా ఓటు మోరా కంపానియన్‌కి. మోరా అంటే స్వీడన్‌లో ఒక ఊరు, ఈ కంపెనీ 1891 నుంచీ అక్కడ కత్తులు చేస్తోంది. అలుగు, అంటే కోసే ఇనుప భాగం, పొడవు 10 సెంటీమీటర్ల పైచిలుకు, మందం 2.5 మిల్లీమీటర్లు. స్టెయిన్‌లెస్ రకంలో వాడేది 12సీ27 అనే స్టీలు, అందులో కార్బన్ 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. పదును చాలాసేపు నిలుస్తుంది, వానలో తడిసినా మర్నాటికి ఎర్రబడదు. ప్లాస్టిక్ ఒర చూడ్డానికి చీప్‌గా ఉంటుంది కానీ తోలు ఒరలా నీళ్ళు పీల్చుకోదు.

అసలు నాకు నచ్చింది దాని అంచు. రెండు వైపులా వెడల్పుగా ఒకటే వాలు ఉంటుంది. ఆ వాలుని రాయి మీద ఆనించి తోస్తే కోణం దానంతట అదే కుదురుతుంది. సాన పట్టడం కొత్తగా నేర్చుకునేవాడికి ఇంతకన్నా సులువైన కత్తి నేను చూడలేదు. నాది ఆరేళ్ళ నుంచి వాడుతున్నాను, మణికట్టంత లావు ఎండు కట్టెలు కూడా చీల్చాను.

చిన్నకత్తి

నీ ఫ్రెండ్స్ ఇద్దరూ చెప్పింది వదిలేయ్. సంతలో యాభై రూపాయల కూరగాయల కత్తి, మిగతా డబ్బుతో మంచి హెడ్‌ల్యాంప్.

కమాను_పట్టీ

సానరాయి గారూ, మణికట్టంత కట్టె చీల్చాలంటే ఆ కత్తి వెన్ను మీద ఇంకో కర్రతో బాదాలి. ఆ సంగతి రాయలేదేం? మా పల్నాడులో ఎవరైనా అలా బాదడం చూస్తే 'కత్తి లేదా నాయనా, ఇంద' అని తమది ఇస్తారు.

తుక్కు కొట్టులో లారీ కింద బరువు మోసే కమాను పట్టీ ముక్క కిలో లెక్కన దొరుకుతుంది. అది కమ్మరికిచ్చి మచ్చుకత్తి కొట్టమంటే కొట్టి ఇస్తాడు. నాకు తుమ్మకర్ర పిడితో సహా తొమ్మిది వందలయింది. అర కిలో పైనే బరువు, ముందువైపు మొగ్గు. కొమ్మకి రెండు దెబ్బలు, కొబ్బరి బోండానికి మూడు. మీ వంద గ్రాముల మోరాతో బోండం కొట్టి చూపించండి, నేను పోస్టు తీసేస్తాను.

ఇంకో మాట. నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు ఇక్కడికి వచ్చేవాళ్ళు. ఇప్పుడు మనం స్వీడన్ నుంచి పార్సిల్ ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాం.

సానరాయి

కోనసముద్రం ఉక్కు గొప్పదే. మీ తుక్కు కొట్టు పట్టీ ఆ ఉక్కు కాదు కదండీ.

కమాను పట్టీ మంచి ముడిసరుకు, ఒప్పుకుంటాను. కానీ కత్తి బాగోగులు తేలేది పట్టీ దగ్గర కాదు, కాల్చడం దగ్గర. అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చాలి, నూనెలో ముంచాలి, ఆ తర్వాత దాదాపు 200 డిగ్రీల్లో గంటో రెండు గంటలో మళ్ళీ వేడి చేయాలి. ఈ చివరి మెట్టు దాటేస్తే అంచు గాజులా పెళుసుగా ఉండి, ముడి తగిలిన చోట పెచ్చు లేస్తుంది. భయపడి సరిగా కాల్చకపోతే మెత్తగా ఉండి అంచు మడత పడుతుంది. మంచి కమ్మరి రంగు చూసి చెప్పేస్తాడు. ఆ మనిషి నీకు దొరకాలి. ఇప్పుడు చాలా ఊళ్ళలో కొలిమే లేదు. మోరాలో పదో కత్తీ పదివేలో కత్తీ ఒకేలా ఉంటాయి, నేను డబ్బిచ్చేది దానికే.

పాత పట్టీతో ఇంకో చిక్కు. ఏళ్ళ తరబడి లోడు మోసింది కాబట్టి కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు.

కమాను_పట్టీ

పగుళ్ళుంటే కొలిమిలో సుత్తి దెబ్బలకే చాలావరకు బయటపడతాయి. కాల్చడం గురించి మీరన్నది నిజమే, అందుకే పరీక్ష ఒకటి చెప్తాను. ఆకురాయి, అదే ఇనుము అరగదీసే పనిముట్టు, తీసుకెళ్ళండి. అంచు మీద నెమ్మదిగా తోస్తే కొరక్కుండా జారిపోవాలి. వెన్ను మీద తోస్తే కొరకాలి. వెన్ను కూడా జారుతుంటే మొత్తం పెళుసుగా ఉన్నట్టు, తీసుకోవద్దు. ఏ కమ్మరీ దీనికి తప్పుపట్టుకోడు, పైగా 'వీడికి తెలుసు' అని ఇంకాస్త శ్రద్ధ పెడతాడు.

చిన్నకత్తి

మధ్యలో ఒక డౌటు. ఆన్‌లైన్‌లో డమాస్కస్ కత్తి పదిహేను వందలకే చూశా, అలలు అలలుగా భలే ఉంది. అది కోనసముద్రం ఉక్కేనా?

సానరాయి

కాదు. కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసేవాళ్ళు, అలలు ఆ ఉక్కు లోపలివి. ఇప్పుడమ్మేవి రెండు రకాల స్టీలు పొరలు అతికించి యాసిడ్‌లో ముంచినవి. బాగా చేస్తే మంచివే, పదిహేను వందలకి బాగా చేయరు. మరీ చవకవాటిలో అలలు పైపైన గీసిన బొమ్మలు. షోకేస్‌కైతే తీసుకో.

అడవిబాట

ఏది మంచి కత్తో తర్వాత. ఎక్కడికి తీసుకెళ్తారో ముందు చూసుకోండి. నేను పక్షుల సర్వేలకు తిరుగుతుంటాను, ఈ విషయంలో అబ్బాయిలు ఇబ్బంది పడటం చూశాను.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో 31వ సెక్షన్ ఉంది. ముందుగా రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలోకి వెళ్ళకూడదు. అదే చట్టంలో 'ఆయుధం' అనే మాటకిచ్చిన అర్థంలో కత్తులు కూడా ఉన్నాయి. చిన్నదా పెద్దదా, స్వీడన్‌దా మనదా అనే తేడా లేదు. ఈ నిబంధన జాతీయ ఉద్యానాలకూ వర్తిస్తుంది. కాబట్టి అమ్రాబాద్, కవ్వాల్, నాగార్జునసాగర్ శ్రీశైలం, పాపికొండలు, ఇక్కడికెళ్తే కత్తి ఇంట్లోనే. శేషాచలంలో మరీ జాగ్రత్త. ఎర్రచందనం దొంగల కోసం గాలిస్తున్న చోట సంచిలో మచ్చుకత్తితో దొరికితే 'ట్రెక్కింగ్ సార్' అంటే ఎవరు నమ్ముతారు?

అసలు కట్టెలు ఎందుకు చీలుస్తున్నారు? రిజర్వ్ ఫారెస్ట్‌లో చెట్టు కొట్టడం, నిప్పు రాజేయడం కూడా నేరమే. చిన్న గ్యాస్ స్టవ్ కొనుక్కుంటే సగం చర్చ అయిపోతుంది.

కమాను_పట్టీ

మేడం, రైతు నడుముకి కొడవలి పెట్టుకుని బస్సెక్కుతాడు, ఎవరూ ఏమీ అనరు. సిటీ పిల్లలకే ఈ టెన్షన్లన్నీ.

అడవిబాట

రైతు పొలానికి పోతున్నాడండీ, ఆయన పనిముట్టు అది. ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో కూడా 9 అంగుళాల కన్నా పొడవు లేదా 2 అంగుళాల కన్నా వెడల్పు ఉన్న కత్తుల జాబితాలోంచి ఇంటిపని, వ్యవసాయం కోసం చేసినవాటిని మినహాయించారు. మీ మచ్చుకత్తి తోటలో వ్యవసాయ పనిముట్టే. అదే కత్తి రాత్రి పదకొండింటికి ఉప్పల్ రింగ్‌రోడ్డు మీద బైక్ బ్యాగులో ఉంటే? చట్టం సంగతి తర్వాత, ముందు స్టేషన్‌లో కూర్చోవాలి.

కొత్త_ట్రెక్కర్

అక్కా, ఇది నేను ఆలోచించనే లేదు. మేం వెళ్ళేది సొంత తోట, సొంత పొలం. మంట కూడా అక్కడే, చుట్టూ ఆకులు ఊడ్చి పెడతాం. కానీ దారిలో ఘాట్ రోడ్డు చెక్‌పోస్టుల్లో బ్యాగులు చూస్తారు. గంజాయి కోసం.

లెస్టర్_తెలుగు

బ్రిటన్ నుంచి. ఇక్కడ కారణం లేకుండా జేబులో పెట్టుకోగలిగేది 3 అంగుళాల లోపు, లాక్ లేని మడత కత్తి మాత్రమే. అందుకని చిన్న కత్తితో బతకడం అలవాటైంది. ఇండియా వచ్చినప్పుడు ఒపినెల్ నంబర్ 8 వాడతాను, ఫ్రాన్స్‌ది, అలుగు 8.5 సెంటీమీటర్లు. మెడ దగ్గర రింగు తిప్పితే లాక్ అవుతుంది, కాబట్టి దాన్ని ఇక్కడ జేబులో వేసుకుని తిరగలేను. అలుగు పల్చన, టమాటా కోస్తే హాయిగా దిగుతుంది. ఆ విషయంలో మోరా కన్నా మేలు, మోరా క్యారెట్‌ని కోయదు, చీలుస్తుంది.

లోపం కూడా చెప్పాలి. పిడి చెక్క. వానాకాలం కాకినాడలో మా ఇంట్లో ఉబ్బిపోయి అలుగు బయటికి రానేలేదు, పట్టకారుతో లాగాల్సి వచ్చింది. కట్టెలు చీల్చడం ఊసే ఎత్తొద్దు.

మన్యం_మనిషి

మాది పాడేరు దగ్గర. చింతపల్లి అన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా వైపు కత్తి లేకుండా ఇంట్లోంచి బయటికెళ్ళే మనిషి తక్కువ. వెదురు కొట్టేది, దారి చేసుకునేది, మిరియాల తీగలకి కర్రలు చెక్కేది, పనసకాయ కోసేది అదే. పెద్ద కత్తితో చిన్న పని చేసేటప్పుడు పిడి వదిలేసి అలుగు మొదట్లో పట్టుకుంటాం, అప్పుడది చిన్న కత్తి అయిపోతుంది. చిన్న కత్తిని పెద్దది చేసే కిటుకు మాత్రం ఎవరికీ తెలియదు. కమాను గారి మాటలో నిజం అక్కడుంది.

కానీ తమ్ముడూ, మేం అది పదేళ్ళ వయసు నుంచి పట్టుకున్నాం. మీ సిటీ పిల్లలు నెలకోసారి పట్టుకుంటారు, అదీ చీకటి పడ్డాక, మంట పక్కన, అలసిపోయి. మొన్న చలికాలం టూరిస్టు పిల్లాడొకడు మా ఊరి కత్తి అడిగి తీసుకుని వెదురు మీద ఏటవాలుగా వేశాడు. వెదురు నున్నగా ఉంటుంది, కత్తి జారి మోకాలి కింద దిగింది. నర్సీపట్నం చేరేసరికి టవల్ మొత్తం తడిసిపోయింది. చిన్న కత్తితో వేలు తెగుతుంది, పెద్ద కత్తితో కాలు పోతుంది. ఆసుపత్రి మీకు గంట దూరంలో ఉంటుంది, అది లెక్కలో వేసుకోండి.

నన్నడిగితే చిన్న కత్తి ఒకటి, మడిచే చేతి రంపం ఒకటి. రంపం జారదు, చప్పుడు చేయదు, ఆడపిల్లలైనా అలసిపోకుండా కోస్తారు.

అడవిబాట

'ఆడపిల్లలైనా' అక్కర్లేదు బాబాయ్ గారూ. మిగతాదంతా ఒప్పుకుంటున్నాను.

మన్యం_మనిషి

తప్పయిందమ్మా. మా ఇంట్లో కట్టెలు కొట్టేది మా ఆవిడే.

కొత్త_ట్రెక్కర్

మోరా వైపే మొగ్గుతున్నా. కార్బన్ స్టీలా, స్టెయిన్‌లెస్సా? హెవీ డ్యూటీ అని ఇంకోటి కూడా ఉంది. ఫుల్ ట్యాంగ్, అంటే ఇనుము పిడి చివరిదాకా, లేకపోతే సర్వైవల్‌కి పనికిరాదని వీడియోల్లో అందరూ అంటున్నారు.

సానరాయి

హెవీ డ్యూటీ మందం 3.2 మిల్లీమీటర్లు. కట్టె చీల్చే పని ఉంది కాబట్టి నీకు అదే. కూరగాయలకి కాస్త మొద్దు అనిపిస్తుంది, సర్దుకోవాలి. దీనిలోనూ ఇనుము పిడి చివరిదాకా పోదు. ఫుల్ ట్యాంగ్ కావాలంటే అదే కంపెనీ గార్బర్గ్ ఉంది, నీ బడ్జెట్‌లో రాదు. రెండున్నర వేలలో ఫుల్ ట్యాంగ్ అని కనపడే చాలా వాటిలో ఇనుము పిడి చివరిదాకా ఉంటుంది, ఆ ఇనుము ఏమిటో చెప్పేవాడే ఉండడు. నేనైతే స్టీలు మంచిదై, ఇనుము పిడిలో కొంతదూరమే ఉన్న కత్తికే ఓటేస్తాను.

కార్బన్ వద్దు. పదును తొందరగా వస్తుంది, నిజమే. కానీ లంబసింగి మంచులో ఒక్క రాత్రి బయట వదిలేస్తే తెల్లారేసరికి మచ్చలు. నిమ్మకాయ కోసి తుడవకపోయినా అంతే. రోజూ నూనె రాసే ఓపిక ఉంటే తీసుకో, నెలకోసారి బ్యాగు తెరిచేవాడికి స్టెయిన్‌లెస్సే.

ఇక సర్వైవల్ అనే మాట. మన దగ్గర దారి తప్పినవాడికి ముందు కావాల్సింది నీళ్ళు, టార్చి, ఈల, ఎటు వెళ్తున్నాడో ఇంట్లో తెలియడం. కత్తి ఆ తర్వాతే.

చిన్నకత్తి

హెడ్‌ల్యాంప్ అని నేను ముందే చెప్పాను. రికార్డు కోసం.

కొత్త_ట్రెక్కర్

అప్‌డేట్. స్టెయిన్‌లెస్ హెవీ డ్యూటీ ఆర్డర్ పెట్టేశా, బడ్జెట్‌కి కాస్త అటూ ఇటూ. రంపం వచ్చే నెల జీతంలో. విమానంలో వెళ్ళినా చెక్ ఇన్ లగేజీలోనే వేస్తాను, మెట్రోకి అసలు తీసుకెళ్ళను, అక్కా ప్రామిస్.

మచ్చుకత్తి కూడా మనసులో ఉండి మామయ్యకి ఫోన్ చేశా, కమ్మరి దగ్గర ఒకటి కొట్టించి తోటలో ఉంచమని. 'కొత్తదెందుకురా, షెడ్డులో మూడున్నాయి, వచ్చి సాన పట్టు' అన్నారు.

కమాను_పట్టీ

ఆ మూడూ కమ్మరి చేసినవే కదా. నేను గెలిచినట్టే.

సానరాయి

డబ్బు పోయింది మాత్రం మోరాకి. తమ్ముడూ, సాన పట్టేముందు ఆ మూడింటి పిడులు ఊపి చూడు, వదులుగా ఉంటే ముందు చీల బిగించుకో.