టంకం పెట్టిన ఇత్తడి స్మోక్‌బాక్స్: 600 డిగ్రీల పెయింట్‌ని గట్టిపరచడం ఎలా?

గ్యాస్ బర్నర్‌తో నడిచే మోడల్ స్టీమ్ ఇంజన్ ఇది. రాగి బాయిలర్‌కి అతుకులన్నీ సిల్వర్ సోల్డర్‌వే (చాలా ఎక్కువ వేడికి గానీ కరగని వెండి టంకం). ప్రెజర్ 4 బార్, అంటే ఆవిరి దాదాపు 152 డిగ్రీలు. దాంతో ఇబ్బంది లేదు. చిక్కంతా ఇత్తడి స్మోక్‌బాక్స్‌తోనే (బాయిలర్ ముందు, చిమ్నీ కింద పొగ చేరే గది): తలుపు బందులు, హ్యాండ్‌రెయిల్ నాబ్‌లు మామూలు 60/40 (తగరం, సీసం) టంకంతో అతికినవి. ఆ టంకం 183 డిగ్రీలకే కరగడం మొదలవుతుంది.

వేసింది 600 డిగ్రీల సిలికోన్ నలుపు స్ప్రే. 400 నంబర్ వాటర్ పేపర్‌తో రుద్ది, అసిటోన్‌తో తుడిచి, ప్రైమర్ లేకుండా పల్చటి కోటింగులు రెండు. మామూలు ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా తిని పట్టుకునే అడుగు పూత) ఆ వేడికి కిందే మాడి, పై పొరనీ లేపేస్తుందని వాడలేదు. మందంగా కొడితే సాల్వెంట్ లోపలే ఉండిపోయి వేడెక్కగానే బుడగలొస్తాయి కదా, ఆ సమస్య రాలేదు. అరగంటలో చేతికి అంటకుండా ఆరింది కూడా. కానీ ఆరడం వేరు, గట్టిపడటం వేరు. డబ్బా మీద 200 డిగ్రీల్లో గంట అని ఉంది. అంత వేడి పెడితే నాబ్‌లు ఊడి ట్రేలో పడతాయి.

ఫలితం: చిమ్నీ మూతి దగ్గర సిలిండర్ ఆయిల్ చిమ్మిన చోట నలుపు గుడ్డకి అంటుకుంటోంది. అంచుల్లో పెచ్చులు.

150 డిగ్రీల్లో మూడు నాలుగు గంటలు ఉంచితే సిలికోన్ నిజంగా గట్టిపడుతుందా, పైపైనేనా? పెచ్చులకి కారణం రుద్దుడు చాలకపోవడమా, అల్యూమినియం ఆక్సైడ్ బ్లాస్టింగ్ (గరుకు పొడిని గాలితో చిమ్మి ఉపరితలాన్ని గరుకు చేయడం) తప్పదా? టంకం భాగాలకి మాత్రం పెయింట్ మానేసి ఇత్తడిని కెమికల్‌తో నల్లబరిస్తే వేడికీ నూనెకీ నిలుస్తుందా? చేసి చూసినవాళ్లు ఉష్ణోగ్రత, సమయంతో సహా చెప్పండి.