1600 మీటర్ల పరుగుకు ముందు ఎకో పరీక్ష తప్పనిసరి చేయాలా?

రావులపాలెం_నాన్న:
మా అబ్బాయి కానిస్టేబుల్ పరుగుకు సాధన చేస్తూ, ఉదయం ఆరు గంటలకు, నాలుగో రౌండు మలుపులో స్పృహ తప్పి పడిపోయాడు. ఎండదెబ్బ అన్నారు, ఈసీజీ బాగుందని చెప్పి సెలైన్ ఎక్కించి పంపేశారు. ఆరింటికి ఎండ ఎక్కడిదని అడగాలని నాకు అప్పుడు తోచలేదు. రెండోసారి పడిపోయాక మరోచోట సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) తీస్తే, గుండె కండరానికి రక్తం అందించే ఎడమ కరోనరీ రక్తనాళం పుట్టుకతోనే బృహద్ధమనికి కుడివైపున మొలిచి, ఆ ధమనికీ, ఊపిరితిత్తులకు వెళ్లే పుపుస ధమనికీ నడుమ సందులోంచి వెళ్తోందని తేలింది. ఆపరేషన్ అయింది, కోలుకున్నాడు. పరుగు పెట్టే ముందు ప్రతి అభ్యర్థికీ ప్రభుత్వమే ఎకో (గుండెకు అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించాలని నా వాదన.

కొత్తసభ్యుడు:
ఈసీజీ బాగుంటే గుండె బాగున్నట్టే కదండీ?

ఎకోగది_14ఏళ్లు:
కాదండీ. కూర్చున్నప్పుడు ఆ నాళంలో రక్తం సాఫీగానే పారుతుంది కాబట్టి ఈసీజీ మామూలుగా ఉంటుంది. గట్టిగా పరుగెత్తినప్పుడే, నాళం ఏటవాలుగా మొలిచినచోట చీలికలా సన్నగా ఉన్న మూతి ఇంకా నొక్కుకుపోతుంది. ఇక నాన్నగారి మాటకు వస్తే, ఎకోలో కుడి, ఎడమ కరోనరీ నాళాల మూతులు రెండూ కనబడాలంటే వాటికోసమే వెతకాలి. ఛాతీ మందంగా ఉన్నవాళ్లలో వెతికినా దొరకవు. వేలమందికి వరుసపెట్టి తీస్తే ఎవరూ వెతకరు, ‘నార్మల్’ అన్న ముద్ర మాత్రం పడుతుంది.

సిద్దిపేట_మాస్టారు:
ఇటలీలో పోటీ క్రీడలకు ముందు గుండె పరీక్ష 1982 నుంచీ తప్పనిసరి. అక్కడ సాధ్యమైనది ఇక్కడ ఎందుకు కాదు?

ఎకోగది_14ఏళ్లు:
మాస్టారూ, అక్కడ ముఖ్యంగా ఆధారపడేది ఈసీజీ మీదే. అది గుండె కండరాల జబ్బులను బాగా పడుతుంది, ఈ లోపాన్ని పట్టదు. అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు పీట్ మారవిచ్ పది సీజన్లు ఆడి, 1988లో నలభయ్యో ఏట సరదా ఆటలో కుప్పకూలాడు. ఎడమ కరోనరీ ఆయనకు పుట్టుకతోనే లేదన్న సంగతి శవపరీక్షలో గాని బయటపడలేదు.

సిద్దిపేట_మాస్టారు:
నేను అడిగింది ఇటలీ గురించి. అమెరికా గురించి కాదు.

రావులపాలెం_నాన్న:
మీరిద్దరూ దేశాలు తిరుగుతున్నారు, నా బిడ్డ మట్టిలో పడ్డాడు. ఎకోగది గారూ, రోజంతా ప్రోబు పట్టుకునే మీరే పరీక్ష వద్దంటే ఏమనుకోవాలి? మీ ఇంట్లో జరిగి ఉంటే ఇలా మాట్లాడేవారా?

ఎకోగది_14ఏళ్లు:
మా ఇంట్లోనే జరిగింది. మా తమ్ముడికి ఏ బాధా లేదు. నేనే ముచ్చటపడి ఎకో తీశాను, అనుమానం వచ్చి సీటీకి పంపాను. వాడిది కుడి నాళం ఎడమవైపు నుంచి మొలిచిన రకం. ఇది మీవాడి రకం కంటే ఎక్కువగా కనిపించేది, ప్రమాదం బాగా తక్కువ. లక్షణాలు లేకుండా ట్రెడ్‌మిల్ పరీక్ష బాగున్నవాళ్లను గమనిస్తూ ఉంటే చాలని వైద్యులే చెప్తారు. ట్రెడ్‌మిల్ మీద వాడు నాకంటే బాగా పరుగెత్తాడు. అయినా వైద్య పరీక్షలో ఆ కాగితం చూసి ‘గుండె లోపం, అనర్హుడు’ అని రాసేశారు. ఆ తర్వాత ఒక పెళ్లి సంబంధం కూడా తప్పిపోయింది. వాడు నాతో మాట్లాడి రెండేళ్లు అవుతోంది.

భీమిలి_రన్నర్:
అయితే గొడవ ఎకో గురించి కాదు. ఆ కాగితం ఎవరి చేతికి వెళ్తుందన్నదాని గురించి.

రావులపాలెం_నాన్న:
తొందరపడి మాట తూలాను, క్షమించండి. పరుగెత్తేటప్పుడు కళ్లు తిరిగినా, ఛాతీలో నొప్పి వచ్చినా, ఇంట్లో చిన్నవయసులో ఎవరైనా హఠాత్తుగా పోయినా, వాళ్లకైనా ఈసీజీతో సరిపెట్టకుండా తీయాలి కదా?

ఎకోగది_14ఏళ్లు:
వాళ్లకు తీసి తీరాలి. ఎకోలో తేలకపోతే సీటీ కూడా చేయాలి. కానీ ఆ రిపోర్టు ముందు కుటుంబానికీ గుండె వైద్యుడికీ చేరాలి. నియామక బోర్డు గుమాస్తాకు కాదు.

సిద్దిపేట_మాస్టారు:
బోర్డుకు తెలియకుండా దాచి పరుగెత్తిస్తే, ట్రాక్ మీద ప్రాణం పోతే బాధ్యులెవరు? దీనికి మీరిద్దరూ జవాబు చెప్పలేదు.

రావులపాలెం_నాన్న:
నా దగ్గర జవాబు లేదు మాస్టారూ. మూడు నెలలు దాటాక ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి, ఇక పరుగెత్తవచ్చని మావాడికి డాక్టరుగారు చెప్పారు. వచ్చే నోటిఫికేషన్‌కు దరఖాస్తు పెడతానంటున్నాడు. ఆపరేషన్ సంగతి రాయాలా వద్దా అని నిన్న రాత్రి నన్నే అడిగాడు.

ఎకోగది_14ఏళ్లు:
రాయమనండి. పరుగుతో పాటు ఛాతీ కొలత కూడా ఉంటుంది, చొక్కా విప్పమంటారు. ఆ గాటు టేపు కింద దాగదు.