‘యథా రాజా తథా ప్రజా’లో మనం వదిలేసిన ముక్క

ప్రశ్న: ఎన్నికలొస్తే చాలు, టీవీలో ఈ మాటే. పూర్తి శ్లోకం ఎవరికైనా వచ్చా? చివర ‘ప్రజా’నా, ‘ప్రజాః’ అనాలా?

జవాబు: చాణక్య నీతి సంకలనాల్లో ఇలా ఉంటుందండీ:

రాజ్ఞి ధర్మిణి ధర్మిష్ఠాః పాపే పాపాః సమే సమాః
రాజానమనువర్తంతే యథా రాజా తథా ప్రజాః

శ్లోకంలో ఉన్నది బహువచనం. ఏకవచనంగా ‘ప్రజా’ అన్నా తప్పేమీ లేదు. విసర్గ పోతే పోయింది, ‘సమే సమాః’ పోవడమే నష్టం. రాజు ధర్మాత్ముడైతే జనం ధర్మాత్ములు, పాపి అయితే పాపులు అన్నాక వచ్చే ముక్క అది: రాజు అటూ ఇటూ కాకపోతే జనమూ అటూ ఇటూ కారు.

అమెరికా చూడండి. 1950లో అక్కడి రాజనీతి శాస్త్రవేత్తల సంఘం వేసిన కమిటీ, రెండు పార్టీలకీ తేడా చాలడం లేదని బాధపడింది (ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది). దక్షిణాది డెమొక్రాట్లు చాలా బిల్లులకు రిపబ్లికన్లతో కలిసి ఓటేసేవారు. జనమూ అంతే: 1972లో రిపబ్లికన్ అయిన నిక్సన్‌ని 49 రాష్ట్రాల్లో గెలిపించి, కాంగ్రెస్ ఉభయ సభలనూ డెమొక్రాట్లకే ఉంచారు. జాతి వివక్షను నిషేధించిన 1964 పౌరహక్కుల చట్టం తర్వాత దక్షిణాది మెల్లగా రిపబ్లికన్ల వైపు ఒరిగింది. నాయకుల మధ్య ఎడం పెరిగేకొద్దీ ఎవరు దేనికి నిలబడతారో మామూలు ఓటరుకీ తెలిసొచ్చింది. పార్టీ అభిమానం మళ్ళీ గట్టిపడటానికి కారణం ఇదేనని 2001లో రాజనీతి శాస్త్రవేత్త మార్క్ హెథరింగ్టన్ వాదించాడు. 2016కి వచ్చేసరికి, సెనేట్ ఎన్నిక జరిగిన ప్రతి రాష్ట్రంలోనూ అధ్యక్ష ఓటు ఏ పార్టీకో సెనేట్ సీటూ ఆ పార్టీకే.

మరొకరు: ‘అనువర్తంతే’ అంటే గొర్రెల్లా వెంటపడతారనా గురువుగారూ? జనం అభిప్రాయాలు పెద్దగా మారలేదు, తమకు సరిపడే పార్టీలోకి సర్దుకున్నారంతే అని మరో రాజనీతి శాస్త్రవేత్త మోరిస్ ఫియోరినా అంటాడు కదా.

జవాబు: ఆయన మాటకీ శ్లోకంలో చోటుంది. ‘ధర్మిణి’, ‘పాపే’, ‘సమే’ సతి సప్తములు. రాజు అలా ఉండగా జనం ఇలా ఉంటారని అర్థం. లోపల ఏమనుకుంటారో చెప్పలేదు, నడక ఎటో చెప్పింది.

ఇంకొకరు: మరి మన ఆంధ్రలో? పథకాల దగ్గర టీడీపీ, వైసీపీ ఒకదాన్ని మించి ఒకటి ఇస్తామంటాయి. అయినా మా ఊళ్ళో పార్టీ వేరైతే పెళ్ళికి పిలవరు.

జవాబు: విధానాల్లో ‘సమే’నే, నాయకుల వైరంలో మాత్రం కాదు. మీ ఊరు అనుసరిస్తున్నది ఆ రెండోదాన్ని.