మరియమ్మ మనల్ని రక్షిస్తుందా? పాస్టరు గారికి ఏం చెప్పాలి?

కొత్తకోడలు:
మా పుట్టింటివాళ్లది మూడు తరాలుగా ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కులం. ఫిబ్రవరి వచ్చిందంటే బెజవాడలో గుణదల మాత కొండ ఎక్కాల్సిందే. పెళ్లయి, మరియమ్మను మొక్కని బాప్టిస్టుల ఇంటికి వచ్చాను. అత్తగారు మంచావిడ, నా చేతిలో జపమాల చూసినా ఏమీ అనరు. పోయిన ఆదివారం వాళ్ల పాస్టరు గారు భోజనానికి వచ్చి, పప్పులోకి నెయ్యి వేయించుకుంటూ మామూలుగానే అడిగారు, "అమ్మా, సిలువ మీద చనిపోయింది యేసయ్యా, మరియమ్మా?" అని. యేసయ్యే అన్నాను. "మరి ఆమెను ఎందుకు మొక్కుతారు, ఆమె రక్షిస్తుందా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ప్రార్థనలన్నీ నోటికి వచ్చు గానీ వాటి వెనక ఉన్నది ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. పైగా ఆ రాత్రి మావారు ఫోన్లో వార్త చూపించారు, మరియమ్మను సహరక్షకి (యేసుతో పాటు రక్షించే ఆమె) అనొద్దని వాటికనే చెప్పిందట. అంటే ఇన్నాళ్లూ మనం చేసింది తప్పా? గొడవకి కాదండి, నాకే తెలుసుకోవాలని ఉంది.

ఉపదేశిగారబ్బాయి:
అక్కా, జపమాలలో మరియమ్మకు చెప్పుకునే మంగళవార్త జపం రెండో సగం ఒకసారి నిదానంగా చెప్పుకోండి. పాపాత్ములమైన మా కొరకు ఇప్పుడూ మా మరణ సమయంలోనూ "ప్రార్థించండి" అనే ఉంటుంది, "రక్షించండి" అని కాదు. పాస్టరు గారికి ఇదొక్కటి చెప్పినా చాలు.

కొంచెం లోతుగా కావాలంటే, 1 తిమోతి 2:5లో మధ్యవర్తి ఒక్కడే, క్రీస్తు అని ఉంది కదా, రెండో వాటికన్ మహాసభ (ప్రపంచంలోని కాథలిక్ బిషప్పుల సభ) 1964లో మరియమ్మ గురించి చెప్పేటప్పుడు ఆ వచనాన్నే ముందు పెట్టింది. ఆమె చేసే సాయమంతా కొడుకు పుణ్యఫలం నుంచే వస్తుందనీ, ఆయన స్థానాన్ని రవ్వంత కూడా తగ్గించదనీ చెప్పింది. ఆమె గురించి విడిగా పత్రం రాయాలా, శ్రీసభ, అంటే విశ్వాసులందరి సంఘం గురించిన పత్రంలోనే కలపాలా అని 1963లో బిషప్పులు ఓటు వేస్తే కలపాలన్నవాళ్లు 1114, వద్దన్నవాళ్లు 1074. నలభై ఓట్ల తేడా! ఆమెను కూడా విశ్వాసుల గుంపులోనే, అందరికన్నా ముందు వరసలో కూర్చోబెట్టారన్నమాట.

ఇంకోటి. ఆమెకీ రక్షకుడు కావాలి. లూకా సువార్తలో ఆమే "నా రక్షకుడైన దేవుడు" అంటుంది. మరి అందరికీ పుట్టుకతో వచ్చే జన్మపాపం ఆమెకు లేదంటారే, ఇక రక్షణ దేనికి అని అడుగుతారు. పోలియో వచ్చాక వైద్యం చేయించుకోవడం ఒకటి, రాకముందే చుక్కలు వేయించుకోవడం ఒకటి. రెండో పిల్లకి మందు అక్కర్లేదని ఎవరూ అనరు కదా. 1854లో తొమ్మిదో పయస్ పోపు ప్రకటించింది కూడా ఇదే, క్రీస్తు పుణ్యఫలాన్ని బట్టి ఆమెకు ఆ పాపం ముందే అంటకుండా దేవుడు కాపాడాడని.

మీవారు చూపించిన వార్త నిజమే. 2025 నవంబరు 4న వచ్చింది ఆ పత్రం. సహరక్షకి అనే బిరుదు తగదంది, భక్తి మానేయమనలేదు. ఆ మాట వింటే ఎవరికైనా ఇద్దరు రక్షకులున్నట్టు అనిపిస్తుంది, ప్రతిసారీ పక్కన వివరణ ఇచ్చుకుంటూ కూర్చోవాలి.

వాక్యంచాలు:
బ్రదర్, పుస్తకంలో బాగానే ఉంది. నేను బెజవాడలోనే పెరిగాను, గుణదల తిరునాళ్లు చూశాను. గుండు కొట్టించుకుని, కొబ్బరికాయ కొట్టి, "మాతే నాకు కొడుకునిచ్చింది" అంటారు. వాళ్లలో మహాసభ పత్రం ఎంతమంది చదివుంటారు? జపమాల చివర ఆమెనే మా జీవం, మా ఆశ అని పిలవరా? అది ప్రార్థించమని అడగడమా? కోపం తెచ్చుకోకండి, నా అనుమానం ఇదే.

గుంటూరుబామ్మ:
కోపమేం లేదు నాయనా, సగం నిజమే అన్నావు. మా వీధిలో కూడా మాతకి ఒక కొవ్వొత్తి, సాయిబాబాకి ఒక కొబ్బరికాయ, ఎవరు ముందు పలికితే వాళ్లకి గుండు అనేవాళ్లున్నారు. ఫాదర్లు గట్టిగా చెప్పాలి, చెప్పట్లేదు. కానీ నువ్వన్న ఆ ప్రార్థనే కాస్త ముందుకి చదువు, "మీ గర్భఫలమైన యేసును మాకు చూపించండి" అనే కదా అడుగుతాం.

నా సంగతి చెప్తాను. మా పెద్దవాడు చనిపోయిన ఏడాది నాకు యేసుప్రభువుతో మాట్లాడాలంటే భయమేసేది, కోపం కూడా ఉండేది. మరియమ్మతో మాట్లాడేదాన్ని. ఆవిడా సిలువ కింద నిలబడి కొడుకుని పోగొట్టుకున్న మనిషే. నా బిడ్డని తిరిగి ఇవ్వమని అడగలేదు, అది ఆవిడ వల్ల కాదని నాకు తెలుసు. పక్కన కూర్చోమని అడిగాను. అలా కూర్చుని కూర్చుని మళ్లీ చర్చిలో పూజకి వెళ్లాను, క్రీస్తు శరీరంగా ఇచ్చే సత్ప్రసాదం తీసుకున్నాను. నన్ను అక్కడికి తీసుకెళ్లి వదిలిపెట్టింది ఆవిడే అనుకుంటాను. కానా పెళ్లిలో కూడా అంతే చేసింది, ద్రాక్షారసం అయిపోయిందని కొడుకుతో ఒక మాట, ఆయన చెప్పింది చేయండని పనివాళ్లతో ఒక మాట. సువార్తల్లో ఆవిడ మాట్లాడిన చివరి మాట అదే.

వాక్యంచాలు:
బామ్మగారూ, వందనాలు. చనిపోయినవాళ్లని ప్రార్థించమని అడగడం నాకింకా మింగుడుపడదు, అది వేరే చర్చ. కానా విషయం మాత్రం ఒప్పుకుంటున్నాను.

కొత్తకోడలు:
అందరికీ థాంక్స్ అండి. బామ్మగారి మాట అత్తగారికి చదివి వినిపించాను, ఏమీ అనలేదు, కళ్లు తుడుచుకున్నారు. తమ్ముడూ, పోలియో చుక్కల మాట పాస్టరు గారి దగ్గర వాడుకుంటాను. ఎదురు ప్రశ్న వేస్తే మళ్లీ ఇక్కడికే వస్తాను.