హాయిగా చదువుకోగల ప్రేమ, అపరాధ పరిశోధన నవలలు సూచించగలరా?

అందరికీ నమస్కారం. 68 ఏళ్ల మా అమ్మగారు, 1930లో వెలువడిన అగాథా క్రిస్టీ ‘మర్డర్ ఎట్ ది వికరేజ్’ చదివి, తోటపని చేసుకుంటూనే ఊరివాళ్లను గమనించి హంతకుణ్ణి పసిగట్టే మిస్ మార్పుల్‌ను ఎంతో ఇష్టపడ్డారు. తరువాత నేను కొనిచ్చిన ఒక సమకాలీన ప్రేమ నవలను మాత్రం, మధ్యలో కళ్లజోడు తుడుచుకునే గుడ్డను గుర్తుగా ఉంచి, మళ్లీ తెరవలేదు; ‘నోరు విప్పి ఒక్క మాట అడిగితే తీరిపోయే అపార్థానికి ఇన్ని పేజీలా?’ అన్న ఆమె అభ్యంతరం నాకూ న్యాయంగానే తోచింది. హత్య జరిగినా రక్తపాతాన్ని వర్ణించని, ప్రేమ ఉన్నా అటువంటి అపార్థాలపై నడవని నవలలు, తెలుగులో గానీ సులభమైన ఇంగ్లీషులో గానీ, మీరు స్వయంగా చదివినవి ఉంటే దయచేసి తెలియజేయగలరు. ఎక్కడ నచ్చిందో, ఎక్కడ విసుగు కలిగిందో కూడా రాస్తే ఈసారి ఎంపికలో పొరపడను.